అర్జీకి జవాబు

రాజోలు తపాలా ఆఫీసులో తంతి యంత్రం పొద్దున్నుంచీ మొరాయిస్తోంది.

రాజమండ్రి నుంచి పిలుపు వస్తుంది. యంత్రం టకటకమంటుంది. పోస్టుమాస్టరు వరప్రసాదం పెన్సిలు అందుకుని రెండు మాటలు రాసేసరికి చప్పుడు ఆగిపోతుంది. అప్పటికి నాలుగుసార్లు అదే వరస. నాలుగోసారి అతని పేరు వచ్చింది. 'అర్జీ' అన్న మాట వచ్చింది. తర్వాత ఏమీ లేదు.

"ప్లీడరుగారిదేనాండీ?" మెల్లగా అడిగాడు బంట్రోతు పోలిరాజు. "చిట్టిబాబుగారి కేసు..."

వరప్రసాదం తలూపాడు.

చిట్టిబాబు అతని ఒక్కగానొక్క కొడుకు. కేసు రెండేళ్ళు నడిచింది. భార్యాభర్తలు ఒక్క వాయిదా మానలేదు. సెషన్సు కోర్టు ఉరిశిక్ష వేసింది. మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది. ఇక మిగిలింది ఢిల్లీకి వెళ్ళిన క్షమాభిక్ష అర్జీ. దాని సంగతి తెలిసిన రోజే తంతి కొడతానని రాజమండ్రి ప్లీడరు మాటిచ్చాడు.

ఆఫీసు వెనక వాటాలోనే కాపురం. భార్య సూర్యకాంతం గుమ్మంలోకి వచ్చింది.

"ఏం తెలిసిందండీ?"

"అర్జీ అన్నంతవరకూ వచ్చి ఆగిపోయింది."

"ఒప్పుకున్నారో లేదో..."

"తెలీలేదు."

ఆమె అక్కడే గోడకి జారబడి కూర్చుంది.

"సైకిలేసుకుని అమలాపురం తంతాఫీసుకి వెళ్ళి రమ్మంటారాండీ?" అన్నాడు పోలిరాజు.

"రేవు దాటి నువ్వెళ్ళొచ్చేసరికి పొద్దుగూకుతుంది. లైను వెంబడి నడిచి చూడు. కొబ్బరిమట్ట ఏదైనా పడిందేమో."

"ఆయ్."

వరప్రసాదం బ్యాటరీ జాడీలు దించాడు. పాత నీళ్ళు పారబోసి నవాసారం నీళ్ళు కొత్తగా కలిపాడు. జింకు కడ్డీలు గీకి కడిగాడు. యంత్రం పలికింది. ఆగిపోయింది. మరలన్నీ బిగించాడు. మీట కింద మసి తుడిచాడు. మళ్ళీ పలికింది. మళ్ళీ ఆగిపోయింది.

పోలిరాజు చెమటలు కక్కుతూ వచ్చాడు. కాలవ దాకా తీగ మీద ఆకు కూడా లేదట.

"కాస్త మజ్జిగ తాగండి," అంది సూర్యకాంతం.

"వద్దు."

"రెండేళ్ళు ఆగేం. ఇంకో గంట ఆగలేమాండీ?"

అతను చూడనిది ఇక ఒకటే ఉంది. గునపం పట్టుకుని పెరట్లోకి నడిచాడు. యంత్రం నుంచి భూమిలోకి దిగే తీగ వెంట తవ్వాడు. ఎండలకి మట్టి బూడిదలా ఉంది. మూరెడు లోతున, అడుగున పాతిన రేకుకి అతికే చోట తీగ పచ్చగా చిలుముపట్టి, ఒక్క పోగు మీద వేలాడుతోంది.

చిలుము గీకేసి తీగ మెరిసేదాకా తోమాడు. రేకుకి గట్టిగా చుట్టాడు.

"నీళ్ళు కావాలి. మట్టి బాగా తడిస్తేనే కరెంటు భూమిలోకి దిగుతుంది."

సూర్యకాంతం ఒక్క ఉదుటున లేచింది. నూతి దగ్గర్నుంచి బిందె మీద బిందె మోసింది. పోలిరాజు అందుకోబోతే ఇవ్వలేదు.

వరప్రసాదం వచ్చి మీట నొక్కాడు. రాజమండ్రి పలికింది. ఈసారి ఆగలేదు. చివరి మాట దాకా రాసుకున్నాడు. అతని ముఖం చూసి పోలిరాజు తల దించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"అర్జీ కొట్టేసేరు," అన్నాడు వరప్రసాదం.

"ఎప్పుడంట?"

"శుక్రవారం తెల్లారగట్ల. రాజమండ్రి జైల్లో."

సూర్యకాంతం తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. ఆమెకి చదువు రాదు. అయినా ఆ కాగితం తీసుకుని రెండు కళ్ళకీ అద్దుకుంది.

"మనం వెళ్దామండీ," అంది. "జైలు గేటు దగ్గర నిలబడతాను."

"అలాగే."

శుక్రవారం ఉరికంబం ఎక్కేది, చిట్టిబాబుని పొడిచి చంపినవాడు.