మిగిలిన ఒక్క మాడసామి

తమిళనాడులోని కోవిల్‌పట్టి బస్టాండు పక్కన ఫ్లెక్స్ కొట్టు తంగరాజ్‌ది. ఫోటోలూ అతనే తీస్తాడు.

ఆ ఉదయం కొత్త మ్యాక్‌లో నల్ల తెర తెరిచి, ఇంటర్నెట్‌లో చూసిన ఒక కమాండ్ కొట్టాడు.

ఏళ్ల తరబడి పోగుపడ్డ ఫోటో ఫైళ్ల పేర్లకు ముందున్న తేదీలు, నెంబర్లు ఒక్క దెబ్బకు ఎగిరిపోయాయి. మనుషుల పేర్లు మాత్రం నీటుగా మిగిలాయి.

ఇంత సులువైన పనికి ఇన్నాళ్లు బద్ధకించానే అనుకున్నాడు.

టీ నోట్లో పోసుకోకముందే ఫోను మోగింది. కడంబూరు పక్క తెలుగువాళ్ల పల్లె నుంచి సెల్వరాణి.

"తంగరాజన్నా, మా నాయన పోయినాడు."

"మాడసామి పెద్దాయనా? అయ్యో, ఎప్పుడు రాణీ?"

"తెల్లారుజామున. మధ్యాన్నానికి ఫ్లెక్స్ కావల్ల. పింఛనుకని నీ కాడ తీపిస్తిమే, ఆ పటమే ఏయి. ఇంట్లో పటాన్ని చెద తినేసింది. కింద ఏసే పేర్లు వాట్సాప్‌లో చెప్పి పంపినా, విను."

"సరే. నువ్వు జరగాల్సింది చూడు."

తంగరాజ్ మాడసామి ఫైలు తెరిచాడు.

గడ్డం నున్నగా గీసుకున్న కుర్రాడెవరో తెర మీద నిలబడ్డాడు.

మళ్లీ వెతికాడు. ఇంకో మాడసామి లేడు.

ఆ చుట్టుపక్కల తాత పేరు మనవడికి పెట్టని ఇల్లు లేదు. ఫోల్డర్‌లో ఎందరు మాడసాములుండేవారో.

పాత విండోస్ మిషన్లో అయితే, ఆ పేరుతో ముందే ఒక ఫైలుంటే కమాండ్ మొరాయించేది. ఈ కొత్తది అడగలేదు, చెప్పలేదు. ఒకరి మీద ఒకరిని వేసుకుంటూ పోయింది. చివర వచ్చినవాడే మిగిలాడు.

పాత మిషను ఎప్పుడో అమ్మేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

పోయిన ఫైళ్లు తెచ్చిపెడతామనే ప్రోగ్రాములన్నీ దించుకున్నాడు. ఒకటి డబ్బడిగింది, ఒకటి గంటలడిగింది. కూర్చున్నవాడు లేచాడు, లేచినవాడు కూర్చున్నాడు.

బెంచీ మీద ఎవరో ఉన్నారని అప్పుడు చూశాడు. గుబురు గడ్డం, భుజాన సంచి.

ఏం కావాలని తమిళంలో అడిగాడు.

ఆ మనిషి తెలుగులో పలికాడు. "మాడసామి తాత ఫ్లెక్స్ ఇక్కడేనా అన్నా?"

కొట్లో కొత్త మనిషి నోట తెలుగు వినపడితే తంగరాజ్ ఊరుకునే రకం కాదు. ఏ ఊరు, ఎవరింటి పిల్లోడు, అమ్మ ఎక్కడి ఆడబిడ్డ అని కూపీ లాగి, ఏదో ఒక చుట్టరికం తేల్చి, టీ తాగించిగాని వదలడు. ఆ రోజు తెర మీంచి కన్ను తిప్పలేదు.

"ఇక్కడే. ఏమి?"

"అయిందా? ఒకతూరి చూస్తా."

"కాలేదు. పటమే దొరకలే."

ఫోను మోగింది. "అన్నా, అయిందా? పొద్దు గూకకముందే ఎత్తల్ల."

"అయిపోతాంది రాణీ."

నోటికొచ్చిన అబద్ధం చెప్పి చెమట తుడుచుకున్నాడు.

"అన్నా, ఆ తాత పటం కోసమే అయితే, నా..." అన్నాడు బెంచీ మీది మనిషి.

"కొంచేపు గొమ్మునుండవా నువ్వు?"

ఆ మనిషికీ కుదురు లేదు. గుమ్మం దాకా వెళ్లి రోడ్డు చూసి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. చివరికి మెల్లగా అడిగాడు.

"కింద ఎవరెవరి పేర్లు ఏస్తాండావో అదన్నా చెప్పు. నేను పోతా."

"కూతురిది, అల్లునిది. అంతే."

"ఇంకెవురిదీ లేదా?"

"లేదంటినే. నా ప్రాణం తీయొద్దు, పోయి రా."

సెల్వరాణి వాట్సాప్‌లో పంపిన మాటలు తంగరాజ్ ఇంకా విననే లేదు. విడిపించుకోవడానికి ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"సరే అన్నా," అని ఆ మనిషి సంచి సర్దుకుని మెట్లు దిగాడు. విరుదునగర్ బస్సు కదులుతుంటే పరిగెత్తి ఎక్కాడు.

పీడ వదిలింది అనుకున్నాడు తంగరాజ్.

మధ్యాహ్నం దాటింది. పెద్దాయన ఫోటో దొరకలేదు. ఇక దాచి లాభం లేదని, మిగిలిన ఆ ఒక్క ఫోటోను సెల్వరాణికి పంపి, "ఈ మాడసామి తప్ప నా కాడ ఇంకెవురూ లేరు రాణీ, తప్పయిపోయింది" అని చెప్పాడు.

క్షణంలో ఫోను వచ్చింది. ఆమె ఏడుస్తోంది.

"వీడు మావోడే అన్నా. చచ్చిపోయిన మా అన్న కొడుకు. తాత పేరే పెట్టినాము. పెండ్లి కాడ తాతతో గలాటా పడి ఇల్లిడిచిపోయినాడు. మా నాయన కోపం ఎప్పుడో పోయింది. కొరివి వాడే పెట్టల్లని చెప్పి కండ్లు మూసినాడు."

"పిలిపించినారా?"

"పొద్దున ఫోనులో పలికినాడు. తాత పొమ్మన్న ఇంటికి ఏ మొగం పెట్టుకోని వచ్చేది, ఫ్లెక్స్‌లో నా పేరుంటే వస్తా అన్నాడు. అందుకే మొదలు పేరు వానిదే ఏయమని నీకు చెప్పింది. వాని ఫోనులో తాత పటాలు శానా ఉండాయి, అడుగుదామంటే ఇప్పుడు ఎత్తలే. పొద్దున్నుంచీ అందురూ వానికోసమే కాచుకోనుండారు."

"ఇప్పుడు... ఎట్లుంటాడు?"

"గడ్డం పెంచినాడంట. విరుదునగర్‌లో పనిచేస్తాండాడు."

తంగరాజ్ బెంచీ వైపు చూశాడు.

పొద్దు వాలుతోంది, తాతకు కొరివి పెట్టడానికి వచ్చిన మనవడిని నీ పేరు లేదు పొమ్మని బస్సెక్కించింది తానే.