అన్నిటికంటే పైన ఫిన్లాండ్

ఆ ఆదివారం పొద్దున హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమా మీద మబ్బు కమ్మింది. కమ్మిందే గానీ ఒక్క చినుకూ రాల్చలేదు. ఉక్క మాత్రం పోసింది.

నగేష్ గడప మీద కూర్చుని బస్సు డిపోలో వేసుకునే బూట్లకు అంటిన గ్రీజు గోకుతున్నాడు. అతని భార్య అమలకు అన్న అయిన జగదీశ్వర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బూట్లు దాటుకుని లోపలికి పోయి ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చున్నాడు.

“బేబీ సంగతి ఏమనుకున్నరు బావా? రేపటితోటి ఆఖరు.”

బేబీ నగేష్ కూతురు. సర్కారు బడిలో నాలుగో తరగతి అయిపోయింది. ఐదు ఎక్కడ చదవాలన్నది ఇంట్లో నెల రోజుల లొల్లి. పిల్లల్ని చేర్పించడమే ఇప్పుడు జగదీశ్వర్ పని. ఏ దేశం చదువు ఎట్లా ఉంటుందో అడిగినా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు.

నగేష్ తలెత్తలేదు. “మొన్నటిదాక అఫ్జల్‌గంజ్‌ల ప్లాస్టిక్ బకెట్లు అమ్మినవు. ఇప్పుడు దేశాలు అమ్మబట్టినవు. బకెట్‌కు వారం గ్యారంటీ అన్న ఉండె.”

అమల వంటింట్లోంచి తొంగి చూసింది. “మా అన్న చెప్పేది జర ఇనరాదు?”

“ఇంటనే ఉన్న. చెప్పమను.”

జగదీశ్వర్ గొంతు సవరించుకున్నాడు. “సింగపూర్ తీస్కో. లెక్కలల్ల సింగపూర్‌ను కొట్టేటోళ్లు లేరు.”

“పిల్లల్ని కొట్టేటోళ్లు ఉన్నరటగా. బెత్తం ఇంక నడుస్తనే ఉన్నదట.”

“తప్పు జేస్తేనే కొడతరు.”

“గంత చిన్న జాగల గంతమంది! ఊపిరెట్ల తీసుకుంటరు?”

“సరే, సింగపూర్ వద్దు. జపాన్…”

పక్కింటి అజ్మతున్నీసా గిన్నె తిరిగిచ్చి పోదామని వచ్చి, ఆ మాట విని ఆగిపోయింది. ఆమె మనవరాలు మున్నీ ఒక ఏడు జపాన్‌లో చదివి, వాపసు వచ్చి సర్కారు బడిలో కూర్చుంది.

“జపాన్ పేరు తియ్యకు బేటా,” అందామె. “చీపుర్లు పిల్లల చేతికే ఇస్తరు. ఊడ్చుడు వాళ్లే, తుడుసుడు వాళ్లే. ఇంట్ల మా మున్నీ తాగిన గ్లాసు లేపదు. అక్కడ పాయిఖానా సుత కడిగింది.”

“దాన్ని డిసిప్లిన్ అంటరు ఖాలా. లోకమంత మెచ్చుకుంటది.”

“మెచ్చుకోనీ. నేల ఊగుడు గూడ మెచ్చుకుంటదా? కూసున్నకాడ బెంచీలు కదిలేవట. పిల్ల నిద్రల ఉలిక్కిపడి లేచేది, దాదీ జమీన్ హిల్ రహీ అని.”

“అలవాటైతే ఏం కాదు.”

నగేష్‌కు నవ్వొచ్చింది. “నేల ఊగుడు అలవాటు చేసుకోవాల్నట! ఇగ వేరే చదువెందుకు?”

జగదీశ్వర్ కుర్చీ ముందుకు జరిపాడు. అసలు సరుకు అప్పుడు బయటికి తీశాడు.

“అందుకే ఫిన్లాండ్ అంటున్న. అన్నిటికంటే పైన ఉన్నది అదే. పరీక్షల్లేవు. హోంవర్కు లేదు. సంచి మోత లేదు. చెప్పులిప్పి హాయిగ కూసుంటరు. ఆరుబయట చదువు. మస్తు గాలి, మస్తు వెలుతురు.”

“పరీక్ష లేకుంటే పిల్లకు వచ్చిందో రాలేదో ఎవరికి ఎరుక?”

“టీచరుకు ఎరుక.”

“టీచరుకు వచ్చునో రాదో ఎవరికి ఎరుక?”

అజ్మతున్నీసా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నగేష్ వదల్లేదు. “మరి చలికాలం సంగతేంది?”

“స్వెట్టర్ ఏసి పంపు.”

“ఫిన్లాండ్ చలికి స్వెట్టరు! ఎండాకాలమేమో ఎండ దిగనే దిగదాయె. పిల్లను చదువుకు పంపుతున్ననా, వడియాల లెక్క ఎండబెట్ట పంపుతున్ననా?”

“నవ్వు బావా, నవ్వు. జాగలు మూడే మిగిలినయి. రేపు పొద్దుగూకితే అవి గూడ ఉండయి.”

“ఉండకుంటే పీడ పాయె. నా బిడ్డ సర్కారు బడిల కథల పుస్తకం గడగడ చదువుతది. దానికేం తక్కువైందని?”

అమల గరిటెతోనే బయటికి వచ్చింది.

“నేను గూడ గట్లనే గడగడ చదివిన. బ్యాంకుల ఇంగ్లీషుల ఒక్క మాట అడిగితే పక్కోళ్ల మొఖం చూస్త. నా బిడ్డ గట్ల చూడొద్దు.” ఆమె గొంతు తగ్గింది. “నేను ఏడికి పోలె. ఏం చూడలె. అదన్న ఫిన్లాండ్ పోనీ.”

నగేష్ గ్రీజు గోకడం ఆపాడు. బూట్లు గోడకు చేర్చాడు. బేబీ గోడకానుకుని ఇంతసేపూ అందరి మొహాలూ చూస్తోంది.

“అక్కడ చెప్పులిప్పితే ఎవరన్న ఎత్తుకపోతరా బాపూ?” అంది.

“మీ మామను అడుగు,” అన్నాడు నగేష్. తర్వాత జగదీశ్వర్ వైపు చూడకుండానే అన్నాడు. “సరే. రేపు పేరు రాయి.”

జగదీశ్వర్ నవ్వబోయి, బావ మొహం చూసి మానుకున్నాడు.

అమల చాప పరిచింది. అజ్మతున్నీసాను కూడా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. పప్పుచారు, వేయించిన బెండకాయ.

నగేష్ ముద్ద కలుపుతూ కిటికీలోంచి గల్లీకి అవతల ఉన్న ఇంటర్నేషనల్ స్కూలును చూశాడు: కోళ్ల దుకాణం పక్కన మెట్ల కింది గదిలో సింగపూర్ సెక్షన్, లారీ పోతే అదిరే మొదటి అంతస్తులో జపాన్ సెక్షన్, దాని మీద ఇంకా రేకులైనా వేయని డాబా, ఫిన్లాండ్ సెక్షన్.