నాన్న ఓటు

“నొక్కితే ఓటు పడిపోద్దనుకున్నానే! మజ్జిలో ఈ లాగినేటి, పాస్‌వర్డేటి?”

అప్పలసూరి తన ఫోన్ హరిచందన చేతిలో పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

“లాగిన్ లేకపోతే ఒక్కరే కూర్చుని వందసార్లు నొక్కేస్తారు మావయ్యా. అందుకే ఒక్కరికి ఒక్క ఓటు. ఎవరు వేశారో వాళ్ళ పేరుతో రాసి పెట్టుకుంటుంది.”

“పేరు పడతాదేటి? అందరికీ కనబడిపోద్దా?”

“అందరికీ కాదు. వాళ్ళ లాగిన్‌లో వాళ్ళకే కనబడుతుంది. ఓటుతో పాటు రాసిన మాట కూడా అంతే.”

“అదీ సంగతి. కానీ మరి, ఓటేసీ. నా కోడలు గెలవకపోతే ఆ పోటీ ఉంటేనేటి, లేకపోతేనేటి?”

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమ్మ తాయారు చాలా రోజులకి నవ్వింది. మరుక్షణమే, నవ్వినందుకు తప్పు చేసినట్టు తల దించుకుంది.

పిల్లల బొమ్మల పోటీ అది. గెలుపు ఓట్లని బట్టి. వారం క్రితం మొదలైన ఓటింగ్ ఈ సాయంత్రంతో ఆఖరు. హరిచందన వేసిన బొమ్మలో రాళ్ళ మీద కూర్చుని సముద్రంలోకి గేలం వేస్తున్న మనిషి ఉన్నాడు. ముఖం లేదు, వీపే కనిపిస్తుంది. కానీ ఆ గళ్ళ చొక్కా చూస్తే గాజువాకలో ఆ వీధి వాళ్ళెవరైనా చెబుతారు, అది వాళ్ళ నాన్న వీర్రాజేనని.

గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేన్ ఎక్కిన వీర్రాజుకి ఈ మధ్యనే ఫోర్‌మన్ పోస్టు వచ్చింది. ఆ సంబరం ఇంకా తీరకుండానే మూడు నెలల క్రితం ఒక ఆదివారం, తనతోనే పనిచేసే స్నేహితుడు అప్పలసూరితో కలిసి చేపలు పడదామని భీమిలి వెళ్ళాడు. ఇద్దరు వెళితే ఒక్కడే తిరిగొచ్చాడు. పెద్ద అల వచ్చి బావని లాక్కుపోయిందని అప్పలసూరి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. చెప్పులు దొరికాయి, గేలం దొరికింది. మనిషి దొరకలేదు. ఫోన్ కూడా చొక్కా జేబులోనే ఉండిపోయిందని పోలీసులకి చెప్పింది అప్పలసూరే.

ఆనాటి నుంచీ ఈ ఇంటికి అన్నీ తానే అయ్యాడు. ఖాళీ అయిన ఫోర్‌మన్ పోస్టు తనకే ఇస్తే, “అది బావ కుర్సీ సెల్లెమ్మా, నాను కాపలా కాత్తన్నానంతే” అని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. తోడబుట్టినవాడు కూడా ఇంత చెయ్యడు.

వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర గొంతు తగ్గించాడు. “లచ్చివారానికి పంతులు గారితో సెప్పేసినాను సెల్లెమ్మా. కార్యం సేసేద్దాం. ఎన్నాళ్ళిలాగ?”

“శవాన్ని కళ్ళతో చూడకుండా కార్యం ఏంటన్నయ్యా?”

“సముద్రం పట్టుకెళ్ళినవన్నీ తిరిగిచ్చెయ్యదు కదమ్మా.”

తాయారు అతని బండి వీధి మలుపు తిరిగే దాకా అక్కడే నిలబడి, నుదుటి బొట్టు ఒకసారి తడుముకుంది. ఊరంతా పోయాడంటోంది. తను ఒక్కతే లేదంటోంది. ఒంటరిగా ఎన్నాళ్ళని అనగలదు? లక్ష్మివారం సరేననేస్తే ఇక వీర్రాజు నిజంగానే పోయినట్టు.

“అమ్మా, రెండో స్థానంలో ఉన్నాను. కాసిని ఓట్లే తేడా.” హరిచందన ట్యాబ్ పట్టుకుని వచ్చింది. “ఇంకా... నాన్న అకౌంట్ ఉంది. పోయినేడు పోటీకి నాన్నే తన ఫోన్లో తెరిచారు, అందులోనైతే లాగిన్ అడగదు. పాస్‌వర్డ్ నా పేరే.”

తాయారు ట్యాబ్ పక్కకి వచ్చి కూర్చుంది.

“తప్పేమో కదమ్మా? దొంగ ఓటవుతుందేమో?”

“చచ్చినవాళ్ళ పేరుతో వేస్తే దొంగ ఓటు. మీ నాన్న పోయారని ఎవరన్నారు? ఆయనే ఉంటే మొదటి ఓటు ఆయనదే. వెయ్యి.”

పిల్ల లాగిన్ అయింది. బొమ్మ కింద మీట నొక్కింది. నొక్కిన వేలు అలాగే ఉండిపోయింది.

“అమ్మా... తీసుకోవట్లేదు.”

‘వీర్రాజు గారూ, మీరు నిన్ననే ఓటు వేశారు.’

తాయారు ఆ ముక్క మూడుసార్లు చదివింది. “నువ్వు వేశావా?”

“నీ మీద ఒట్టమ్మా, నేను ముట్టుకోలేదు!”

“మరెవరు వేస్తారే? ఎవరు వేస్తారు?” ఏడుస్తోందో నవ్వుతోందో తాయారుకే తెలియలేదు. ఏ పడవ వాళ్ళో ఒడ్డుకి చేర్చి ఉంటారు. ఏ ఆసుపత్రిలోనో ఉండి ఉంటాడు. ఒంట్లో బాగోక ఇంటికి రాలేకపోయినా, కూతురి బొమ్మని మాత్రం మరిచిపోలేదు, పిచ్చి మనిషి! మూడు నెలల దుఃఖం ఒక్కసారిగా కట్ట తెగింది. పిల్లని గుండెకి హత్తుకుని, రెండో చేత్తో అప్పలసూరికి ఫోన్ చేసింది. ముందు ఈ కబురు చెప్పాల్సింది అతనికే కదా.

“అన్నయ్యా, ఆయన బతికే ఉన్నారు! నిన్న ఆయన ఫోన్ నుంచి పిల్లకి ఓటు పడింది!”

“ఎవరికైనా సెప్పినావేటి?”

“మీకే. ఇప్పుడే పోలీస్ స్టేషన్‌కి...”

“వద్దు. నానొచ్చి సూత్తాను. తలుపేసుకుని ఉండండి. ఎవరికీ సెప్పకు సెల్లెమ్మా.”

ఫోన్ పెట్టేసి తాయారు తలుపు గడియ పెట్టింది. దేవుడి ముందు దీపం వెలిగించింది.

“అమ్మా, నాన్న ఏదో రాశారు కూడా! తెరవనా?”

“తెరువమ్మా. ఏం రాశారో చదువు.” ‘చిట్టితల్లీ’ అనే రాసి ఉంటాడు. పుట్టిన దగ్గర్నుంచీ కూతుర్ని మరో పిలుపు పిలిచి ఎరగడు.

బయట బండి ఆగిన చప్పుడైంది. హరిచందన చదవలేదు. ట్యాబ్‌ని తల్లి వైపు తిప్పింది.

‘నువ్వే గెలుత్తావు కోడలా.’