కింద పడ్డ టవల్

"రుద్దకు, అద్దు," అన్నాడు భర్త, కడిగిన కారు మీద టవల్ పరిచి, పసిబిడ్డ ఒళ్ళు తుడిచినంత లాలనగా. "రుద్దితే గీతలు పడతాయి. ఎండెక్కేలోగా తుడవకపోతే బొట్లన్నీ మరకలవుతాయి."

వెనక తలుపు అద్దుతున్న ఆమె చేతిలోంచి టవల్ జారి నేల మీద పడింది. తీసి దులిపి, మళ్ళీ కారుకి ఆనించబోయింది.

చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "కింద పడ్డదా కారుకి? ఎంత దులిపినా ఇసుక పోదు."

"కొత్త టవలండీ. పారెయ్యమంటారా?"

"పారెయ్యడం దేనికి? నాన్న ఒళ్ళు తుడవడానికి ఉంచు."

ఆమె చెయ్యి విడిపించుకుంది. ఎనిమిది నెలలుగా మంచం దిగని మామగారి వీపు నిండా పుళ్ళు. మెత్తగా అద్దాలే తప్ప రుద్దకూడదని నర్సు ఇతని ఎదుటే చెప్పింది. అప్పుడు ముక్కు మూసుకుని అవతలికి పోయిన మనిషి, ఇప్పుడు కారు అద్దం మూలలు సుతారంగా అద్దుతున్నాడు.

ఆమె ఇసుక టవల్‌ని అతని భుజాన వేసి, డిక్కీ మీదున్న పొడి టవళ్ళన్నీ తీసుకుంది.

"అవెక్కడికి?"

"మామయ్యకి ఇంకా ఒళ్ళు తుడవలేదు."

"మరి కారు?"

"ఎండకి అదే ఆరుతుందిలెండి," అంది, వెనక్కి తిరగకుండానే.