కదిలితే మోగే గాజు

నేను వరండాలో బట్టలు ఆరేస్తుంటే గదిలో గాజు టింగు టింగుమని ఒకటే మోత. చెయ్యి కదిలితే మోగుతుందది. చూపులేని పిల్లలు తమ చెయ్యి ఎటు వెళ్తోందో చెవితో తెలుసుకోవడానికట. బడిలో టీచరు ఇచ్చారు. మా అమ్మాయి ఇన్నాళ్లూ మనం చెయ్యి పట్టుకుని అందిస్తే తప్ప దేన్నీ అందుకునేది కాదు.

ఎంత బుద్ధిగా సాధన చేస్తోందో అని మురిసిపోతూ తొంగిచూశాను.

గాజు ఉయ్యాల్లో చంటివాడి కాలికి ఉంది! వాడు హాయిగా కాళ్లు తన్నుకుంటున్నాడు.

పిల్ల ఏదీ అని వెతుక్కుంటూ వంటింట్లోకి పరిగెత్తాను. మహాతల్లి కుర్చీ మీద మఠం వేసుక్కూర్చుంది. ఒళ్లో పై అరలోని బిస్కెట్ల డబ్బా, రెండు బుగ్గల నిండా బిస్కెట్లు.

"అక్కడుందని ఎవరు చెప్పారే?"

"నువ్వు మూత పెట్టినప్పుడు చప్పుడు అక్కణ్నించే వచ్చిందిగా."

"మరి గాజు తమ్ముడికెందుకు పెట్టావు?"

"నా చేతికుంటే నీకు వినపడిపోదూ!"

వెంటనే టీచరుకి ఫోన్ చేశాను. "మీ శిష్యురాలు దొంగతనం చేసిందండీ. గాజు లేకుండా... తనంతట తనే..." అంటూనే ఏడ్చేశాను.

"ఏడవకండమ్మా" అన్నారావిడ. "రేపు డబ్బా ఇంకోచోట దాచండి. మూత మాత్రం చప్పుడయ్యేలా పెట్టండి."