కోచ్ లింగా నిలువెత్తు బంగారం

ఆగుర్రి, ఆగుర్రి! స్క్రోల్ చేస్కుంట పోకుర్రి, జర గిది ఇని పోర్రి.

"ఎక్కు మేడం, ఎక్కు! బజ్జీలు తినేటప్పుడు రాని సిగ్గు కాంటా ఎక్కేటప్పుడు ఎందుకొస్తుంది?"

దిల్‌సుఖ్‌నగర్ సందుల, అంతయ్య బెల్లం దుకాణం ముందట, నడిబజార్ల గిట్ల అరుస్తున్నది ఎవరనుకున్నరు? ఎల్బీనగర్ వాకింగ్ బ్యాచ్‌కు మైండ్‌సెట్ నేర్పే కోచ్ లింగా! అసలు పేరు లింగస్వామి. పేరు సగం కోసేస్తే మనిషికి స్టైల్ వస్తదని ఆయన నమ్మకం. తిట్లు తింటున్నది సౌజన్య, ఆ పక్కనే కోచింగ్ సెంటర్ల రిసెప్షన్ల పనిచేస్తది. పొద్దున ఎవరో ఆమె మిర్చి బజ్జీ తింటున్న ఫోటో బ్యాచ్ గ్రూప్‌ల పెట్టిన్రు. దానికి శిక్ష ఏందంటే, అందరి ముందట కాంటా ఎక్కి బరువు చూపియ్యాలె. అది కూడ లైవ్‌ల. ఆమె సెంటర్ పిల్లలు సుత చూసే లైవ్‌ల!

"సార్, ప్లీజ్ సార్. ఇంట్ల చూస్కొని మెసేజ్ పెడ్తా."

"ఏం లేదు. ముందుగాల నేనెక్కుతా, నువ్వు ఫోన్ పట్టుకో. తర్వాత నువ్వెక్కుతవ్, నేను పట్టుకుంటా. అయిపాయె!"

ఈయన బెల్లం దుకాణానికి ఎందుకొచ్చిండంటే, మేడారం జాతర దగ్గరకొచ్చింది. వాళ్ళమ్మ అండాలమ్మ కొడుకు ఎంత తూగితే అంత బంగారం మొక్కుకుంది. బంగారమంటే బెల్లమే, కానీ జాతర ముందట దాన్ని బెల్లమన్నరనుకో, అంతయ్య కొట్టనీకి వస్తడు. కోచ్ బుర్ర చూడుర్రి, తల్లి మొక్కుల గూడ లైవ్ పెట్టుకున్నడు!

"హాయ్ ఛాంపియన్స్!" అని షురూ చేసిండు. "నన్ను చూడుర్రి. ఒకప్పుడు ఏనుగు, ఇప్పుడు చిరుత. గోలీ లేదు, సూది లేదు. ఓన్లీ ఇది." కణత మీద వేలితోని టకటక కొట్టుకున్నడు. "ఈడ ఆశ తగ్గితే కింద పొట్ట అదే తగ్గుతది. మీతోని కాదు. మీకు నోరు తప్ప ఏమున్నది? మొన్న టిఫిన్ సెంటర్ల చూసిన్రు గదా, ఒక్క ఇడ్లీ తీసుకున్న, సగం వదిలేసిన. కంట్రోల్! మీరో? చట్నీ మళ్ళ ఎయ్యి, మళ్ళ ఎయ్యి! థూ!"

చుట్టు నిలబడ్డ బ్యాచ్ చప్పట్లు కొట్టింది. తిట్టించుకొని చప్పట్లు కొట్టేటోళ్ళను ఇంకెక్కడన్న చూసిన్రా మీరు?

"ఇగో, గీ మేడం నన్నేమడిగిందో తెల్సా? 'సార్, మోకాళ్ళు పోతున్నయి, డాక్టర్ పొట్ట ఆపరేషన్ సంగతి ఆలోచించమంటుండు' అని! అరే, కడుపు కోయించుకొని సన్నబడేటోళ్ళు మనుషులేనా? పిరికోళ్ళు! పరీక్షల కాపీ కొట్టేటోళ్ళకూ వాళ్ళకూ ఏం ఫరక్ లేదు."

సౌజన్య ఫోన్ జర కిందికి దించింది.

"సరిగ్గ పట్టుకో! ఫ్రేమ్‌ల నా పొట్ట రావాలె. లేని పొట్ట!"

అట్లనే బుగ్గలు సొట్టలు పడేటట్టు నవ్వుకుంట కాంటా ఎక్కిండు.

"డెబ్బయొక్కటి!" అని అంతయ్య గట్టిగ చదివి, పక్క కాంటా మీద బంగారం దిమ్మెలు పేర్చుడు మొదలుపెట్టిండు.

అండాలమ్మ దుకాణం మెట్టు మీద కూసొని ఉంది. ఇప్పుడు లేసింది.

"ఆగు తమ్మీ. గిది సరిపోదు."

"ఎందుకు సరిపోదక్కా? కాంటా కొత్తది."

"కాంటాది తప్పు కాదు. మొక్కిన నాడు నా కొడుకు ఎంతుండెనో గంత ఇయ్యాలె. మొక్కినంక సన్నబడ్డడని తల్లులకు తక్కువ తూస్తమా? కండ్లు పోతయి!"

"అది కూడ నిజమే." అంతయ్య తల గీక్కున్నడు. "గప్పుడు ఎంతుండె?"

"ఇప్పటి లింగలు ఇద్దరు."

బ్యాచ్ పక్కుమన్నది. కోచ్ అయితే ఉబ్బిపోయిండు. "ఇన్నరా ఛాంపియన్స్? ఇద్దరట! రెండో లింగా ఎటుపోయిండు? మైండ్‌సెట్ మింగేసింది! సౌజన్యా, అమ్మ దిక్కు తిప్పు, అమ్మ దిక్కు తిప్పు ఫోన్!"

సౌజన్య తిప్పింది.

"గట్ల ఇద్దరు ముగ్గురు అంటె ఎట్లక్కా," అన్నడు అంతయ్య. "దేవతల సొమ్ము, అందాజ పనికిరాదు. గప్పుడు ఎక్కడన్న తూకం చూసిన్రా?"

కోచ్ నవ్వు టక్కున ఆగింది. "అమ్మా, ఇగ చాలు. ఊకో."

"ఊకో అంటవేందిరా? మేడారం తల్లుల ముందట అబద్ధమాడమంటవా?"

"అమ్మా, నీకు దండం పెడ్త, లోపల మాట్లాడుకుందాం..."

"లోపలేంది, బయటేంది! దవాఖానల తూసిన్రు గదరా, నీ పొట్ట కోసేటందుకు లోపలికి తోల్కపోయేముందు. గా తలుపు కాడ నిలబడే నేను మొక్కితి, 'సమ్మక్క తల్లీ, ఆపరేషనైనంక నా కొడుకు పాణంతోని బయటికి రావాలె' అని."

చప్పట్ల బ్యాచ్ చేతులు యాడియాడనే ఆగినయి. కోచ్ లింగా కాంటా దిగుడు గూడ మర్చిపోయి, ఫోన్ దిక్కు చెయ్యి చాపిండు.

"సౌజన్య గారూ... లైవ్ బంద్ చెయ్యుర్రి... ప్లీజ్."

'గారూ' అన్నది గదే మొదటిసారి. ఆమె బొటనవేలు ఎర్ర బటన్ మీదనే ఉంది, చూసేటోళ్ళు పెరుగుతనే ఉన్నరు.

మీరైతే నొక్కుతరా?