ఫోటోల అడుగున ఓటు

పోలింగ్ ముగియడానికి ఇంకో గంటే ఉంది. ఎన్నికల ఆఫీసులో వెబ్‌సైట్ పని చూసుకునే కోడలు, మామగారి పోలింగ్ కేంద్రం ఎక్కడికి మారిందో తన ఫోనులో ఆ సైట్ తెరిచి వెతుకుతోంది. మామగారు పక్కనుంచి తొంగిచూశారు.

"ఈయనెవరమ్మా?"

"మా ఆఫీసరుగారు, మామయ్యా."

"ఈ రిబ్బన్ కత్తిరిస్తున్నాయన?"

"ఆయనే."

"మొక్క నాటుతున్నదీ ఆయనేనా? మన దేవుడి గదిలో కూడా ఇన్ని పటాల్లేవు. ఇంతకీ నా ఓటెక్కడ?"

"అడుగున పెట్టాను. పైన ఫోటోలే ఉండాలన్నారు."

"ఆయన అనడం సరే, నువ్వెలా ఒప్పుకున్నావు?"

ఫోను మోగింది. ఆఫీసరుగారే. కోడలు స్పీకరు నొక్కింది.

"ఏమ్మా, నా పోలింగ్ కేంద్రం సైట్‌లో ఎంతకీ దొరకడంలేదు. టైమైపోతోంది!"

మామగారు నవ్వలేదు. కోడలి వైపు చూశారు.

"మీ ఫోటోల కింద ఉంది సార్. అవి తీసేస్తే అందరికీ కనబడుతుంది. తీసెయ్యనా?"



"సరే, తొందరగా తియ్యి."